అరలు మారితే అసలుకే మోసం

ముహూర్తాల రోజుల్లో ఫొటో స్టూడియోల కంప్యూటర్లు పెళ్లి చిత్రాలతో నిండిపోతాయి. ఉన్న ఒక్క హార్డ్‌డిస్కు మొరాయిస్తే, పోయిన చిత్రాల కోసం పెళ్లి మళ్లీ చేయలేరు. ఇలాంటి చోట హార్డ్‌డిస్క్ డాక్ అక్కరకు వస్తుంది. టేప్‌రికార్డరులో క్యాసెట్ మాదిరిగా 3.5 లేదా 2.5 అంగుళాల సాటా డిస్కును ఇందులో దించి, యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలిపితే చాలు. 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టుల విద్యుత్తు అవసరం కనుక డాక్‌కు వేరే అడాప్టరు ఉంటుంది.

పాత డాక్‌లలో కొన్ని 2 టెరాబైట్లకు మించిన డిస్కులను గుర్తించవు. యూఎస్‌బీ 2.0 రకమైతే ఒక టెరాబైటు నకలుకు దాదాపు 8 గంటలు, 3.0 రకంలో సుమారు 2 గంటలు పడుతుంది.

రెండు అరల డాక్‌లు కొన్నింటిలో కంప్యూటరు లేకుండానే నకలు తీసే మీట ఉంటుంది. అసలు ప్రమాదం ఇక్కడే. డిస్కులు అరలు మారితే ఖాళీ డిస్కులోని శూన్యమే అసలుపైకి ఎక్కి, ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ముందే డిస్కులపై చీటీలు అంటించుకోవడం ఉత్తమం. తిరుగుతున్న డిస్కును కదపరాదు. కంప్యూటరులో ‘ఎజెక్ట్’ ఇచ్చి, చక్రం ఆగాకే తీయాలి. కరెంటు కోతలుండే ఊళ్లలో డాక్‌నూ యూపీఎస్‌కే కలపాలి. నకలు పూర్తయిన డిస్కును డాక్‌లోనే వదిలేస్తే పిడుగుపాటుకు రెండూ పోవచ్చు. దానిని పొడి డబ్బాలో పెట్టి, స్టూడియోలో కాక ఇంట్లో భద్రపరచాలి.