ఆకాశవాణి వక్తకు స్మృత్యంజలి: ఉషశ్రీ నిదర్శనముగా ఒక పరిశీలనము

గతించినవారిని స్మరించి పలుకుట మన సాహిత్యమున పాత సంగతియే. శ్రీకృష్ణదేవరాయల మరణానంతరము అల్లసాని పెద్దన చెప్పినదిగా ప్రచారమునందున్న చాటుపద్యము నేటికిని పలువురి నోట నున్నది. ఆధునిక కాలమున విశ్వనాథ సత్యనారాయణగారు భార్యావియోగ దుఃఖముతో ‘వరలక్ష్మీ త్రిశతి’ని రచించిరి. ఇట్టి రచనలకు ఒక సామాన్య లక్షణము కలదు. చెప్పువాడు పోయినవారిని కన్నులార చూచినవాడు. ఇరువదవ శతాబ్దమున ఇందుకు భిన్నమైన సంబంధ మొకటి ఏర్పడినది. ముఖ మెఱుగని కంఠ మొకటి వారము వారము ఇంటికి వచ్చి, ఇంటివారిలో ఒకటియై, ఒకనాడు ఆగిపోవును. విన్నవారు దుఃఖింతురు. కాని ఆ దుఃఖమును ఏ మాటలలో చెప్పవలెను? ఆ కంఠము చేసిన పనిని సాహిత్య చరిత్రలో ఎచ్చట నిలుపవలెను? ఈ ప్రశ్నలనే ఇచ్చట కొంత విచారింపదలచితిమి.

తెలుగు శ్రోతలకు ఈ అనుభవము క్రమముగా అలవడినది. 1938 జూన్ 16న మదరాసు రేడియో కేంద్రము ప్రారంభమైనది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినది. 1950లో హైదరాబాదునందలి దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో చేరినది. ఈ కాలముననే పిల్లల కార్యక్రమములు నడపిన న్యాయపతి రాఘవరావుగారు ‘రేడియో అన్నయ్య’గాను, వారి సతీమణి కామేశ్వరిగారు ‘రేడియో అక్కయ్య’గాను ప్రసిద్ధులైరి. మన బంధువాచకముల మర్యాదను బట్టి అన్నయ్య భార్య వదిన కావలెను గాని అక్కయ్య కారాదు. ఐనను బిడ్డలెవ్వరికిని ఇది తప్పుగా తోచలేదు. ఏలనన, ఆ పిలుపులు ఆ దంపతుల పరస్పర సంబంధమును చెప్పుటకు పుట్టినవి కావు. వారిలో ప్రతియొక్కరికిని వినుచున్న బిడ్డతో గల సంబంధమునే అవి చెప్పినవి. కామేశ్వరిగారు 1980లోను, రాఘవరావుగారు 1984లోను దివంగతులైరి. వారిని స్మరించువారు నేటికిని ఆ పిలుపులనే వాడుచున్నారు. శ్రోత ఇచ్చిన బంధుత్వమే రేడియో వక్తకు లభించిన మొదటి బిరుదము.

ఈ లక్షణము తెలుగునకే పరిమితము కాదు. 1952లో రేడియో సిలోన్‌లో ‘బినాకా గీత్‌మాలా’ ప్రారంభించిన అమీన్ సయానీగారు 2024 ఫిబ్రవరి 20న మరణించినప్పుడు, అక్కచెల్లెండ్రను ముందుగాను అన్నదమ్ములను పిమ్మటను పలుకరించు వారి సంబోధనమునే పెక్కురు తలచుకొనిరి. అది ఉచితమే. కాని అంతతో నిలిచిన నివాళి అసంపూర్ణము. వారి తల్లి కుల్సుమ్ సయానీగారు సరళమైన హిందుస్థానీలో ‘రహబర్’ అను పత్రికను దేవనాగరి, ఉర్దూ, గుజరాతీ లిపులలో నడపిరి. ఆ పత్రిక పనిలో కుమారుడు చిన్ననాటనే పాల్గొనెను. అందరికిని తెలియు మాటను వెదకుట ఆయనకు ఆ ఇంటనే అలవడినది. సంబోధనము వెనుక ఒక భాషా విధానము ఉన్నదని గుర్తించినప్పుడే నివాళి వివేచనమగును.

ఇక మనకు సన్నిహితమైన ఉదాహరణమునకు వత్తము. ఉషశ్రీ అను కలముపేరుతో ప్రసిద్ధులైన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులుగారు 1928 మార్చి 16న పశ్చిమ గోదావరి జిల్లా కాకరపర్రులో జన్మించి, 1990 సెప్టెంబరు 7న కీర్తిశేషులైరి. కథలు, నవలలు వ్రాసిన ఆ రచయిత హైదరాబాదు, విజయవాడ ఆకాశవాణి కేంద్రములలో పనిచేసి, రామాయణ భారత భాగవతములను శ్రోతలకు వివరించిరి. ‘ధర్మసందేహాలు’ అను కార్యక్రమమున శ్రోతల ప్రశ్నలకు సమాధానములు చెప్పిరి. భద్రాచలమున జరుగు శ్రీ సీతారామ కల్యాణమునకు వారు చేసిన ప్రత్యక్ష వ్యాఖ్యానము గూడ జనుల జ్ఞాపకమునందున్నది. ఇతిహాస పురాణములను వచనమున గ్రంథములుగా గూడ వెలువరించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు పెక్కుమందికి తెలియదు. కంఠముతో కలసి వచ్చిన కలముపేరే నిలిచినది.

వారి కృషి స్వరూపమును తెలిసికొనుటకు పురాణ శ్రవణ సంప్రదాయముతో పోల్చి చూడవలెను. దేవాలయ మండపమున పురాణము చెప్పు పౌరాణికునకు ఎదుట సభ యుండును. ఎవరికి నిద్ర వచ్చుచున్నది, ఎవరి కన్నులు చెమర్చినవి, ఏ మాట అర్థము కాలేదు అన్నది ఆయన అప్పుడే గ్రహించి కథను పెంచును, లేదా కుదించును. ఆకాశవాణి వక్తకు ఆ సదుపాయము లేదు. గోడలు మూసిన గదిలో, గడియారము చూచుకొనుచు, కనబడని సభతో మాటలాడవలెను. పౌరాణికుడు ముఖములలో చదువుకొను ప్రశ్నను రేడియో వక్త ఉత్తరములో చదువుకొనవలెను. కావుననే ‘ధర్మసందేహాలు’ వంటి కార్యక్రమము వట్టి ప్రశ్నోత్తరమాలిక కాదు. పురాణ సభలో కోల్పోయిన ఎదురెదురు సంబంధమును జాబుల ద్వారా తిరిగి కూర్చిన ఉపాయ మది.

భాష విషయమునను ఇట్టి కూర్పే కనబడును. మూల శ్లోకమునకు గాని పద్యమునకు గాని గౌరవము తగ్గరాదు. చదువురాని శ్రోతకు అర్థము చెడరాదు. గ్రంథమున వాక్యము దీర్ఘమైనను పాఠకుడు వెనుకకు మరలి చదువుకొనగలడు. శ్రోతకు మరలుట లేదు. కావున వాక్యము చిన్నది కావలెను, ముఖ్యమైన మాటకు ముందు విరామ ముండవలెను. మేము బాల్యమున పెద్దల నడుమ కూర్చుండి ఆ ప్రసంగములను విన్నవారము. నేడు మాకు జ్ఞప్తియందున్నవి అన్నియు మాటలు కావు. మాటకు మాటకు నడుమ వారు నిలిపిన నిశ్శబ్దము, ఆ నిశ్శబ్దమున వంటింటిలో పని ఆపి గడపకడకు వచ్చి నిలుచున్న మా అమ్మమ్మ ముఖము, ఇవియే ముందుగా స్ఫురించును. ముద్రిత గ్రంథమున ఈ విరామమునకు గుర్తు లేదు. రేడియో వక్తకు నివాళి వ్రాయువాని మొదటి కష్ట మిదియే. పుటలలో మిగిలినది వారి కృషిలో కొంత భాగము మాత్రమే.

రెండవ కష్టము జ్ఞాపకముల స్వభావము వలన వచ్చును. ఉషశ్రీ ప్రసంగ సమయమున వీధులు నిర్మానుష్యములుగా నుండెడివని పలువురు చెప్పుదురు. 1987-88 సంవత్సరములలో దూరదర్శన్ ‘రామాయణ్’ ధారావాహికను గూర్చియు ఈ మాటనే చెప్పుదురు. ఇది అసత్యమని మా అభిప్రాయము కాదు. కాని దీనిని శ్రోతల గణనముగా గైకొనరాదు. ప్రబంధ నాయకుని కీర్తి దిగంతములకు ప్రాకెనని వర్ణించినట్లు, ప్రసార ప్రియత్వమునకు ఇది రూఢమైన వర్ణనమైనది. ఇంతకంటె, ఏ యూరిలో, ఎవరి యింట రేడియో ఉండెను, ఎవరు లోపల కూర్చుండిరి, ఎవరు అరుగుమీద నుండి వినిరి అన్న చిన్న సంగతి పరిశోధకునకు ఎక్కువ విలువగలది.

మూడవది భక్తి వలన వచ్చు కష్టము. ప్రియమైనవారిని గూర్చి దోషము చెప్పరాదని మన సంస్కారము. ఐనను, ప్రభుత్వ ప్రసార సాధనమునుండి ధర్మ నిర్ణయము చెప్పుట సామాన్యమైన అధికారము కాదు. ఆ సమాధానములు స్త్రీలకు ఏమి చెప్పినవి? భిన్న కులముల వారికి, భిన్న విశ్వాసములు గలవారికి ఎట్లు వినబడినవి? సంప్రదాయమును ఎచ్చట యథాతథముగా నిలిపినవి, ఎచ్చట సడలించినవి? ఈ ప్రశ్నలను విడిచిన నివాళి స్తోత్రమగును. వీనిని మాత్రమే అడిగి, ఆ కంఠము ఇచ్చిన ఊరటను మఱచిన వ్యాసము అన్యాయమగును. రెంటిని ఒకచోట నిలుపుటయే గౌరవము.

కావున పరిశోధక విద్యార్థులకు మా సూచన లివి. దొరకినంతవరకు ధ్వనిముద్రణములను ముద్రిత పాఠముతో పోల్చి, చేర్పులను, విరామములను, స్వరభేదములను గుర్తింపవలెను. శ్రోతల మాటలను వారి వాడుకలోనే వ్రాసికొని, ఊరు, వయస్సు, విన్న సంవత్సరము నమోదు చేయవలెను. ఇండ్లలో దాచిన జాబులు, టేపులు ఉన్నచో వానిని వస్తువులుగా కాక గ్రంథములుగా చూడవలెను.

2028 మార్చి 16 ఉషశ్రీగారి శతజయంతి. 1975లో ఇరువది యేండ్ల వయస్సున వారిని విన్న శ్రోతకు ఆనాటికి డెబ్బది మూడేండ్లు వచ్చును. గ్రంథము కొంతకాలము వేచియుండగలదు గాని శ్రోత వేచియుండజాలడు. వక్త పోయినప్పుడు కంఠము మాత్రమే ఆగినది. విన్నవారు గూడ పోయినచో ఆ కంఠము ఏమి చేసెనో చెప్పువారుండరు. కావున స్మృత్యంజలి సభ ఏర్పాటు చేయుటకు ముందు, మన విద్యార్థి యొకడు తన యింటి పెద్దల ప్రక్కన కూర్చుండి, “మీరు వినినది ఏమి?” అని అడుగుట మంచిది. ఆ సమాధానమును శ్రద్ధతో వ్రాసికొనుట కంటె తగిన నివాళి మాకు తోచుటలేదు.