సూక్ష్మజీవుల వాయనము

మా ఆలంపూరు ప్రాంతమున నెవరికైన పెద్దజబ్బు చేసినచో తుంగభద్ర దాటి కర్నూలు ఆసుపత్రికి గొనిపోవుట వాడుక. రోగివెంట పోవునది తఱచుగా స్త్రీయే. పాలు త్రాగించుట, పక్కబట్టలు మార్చుట, మలమూత్రముల నెత్తుట యామె వంతు. కావున మందులకు లొంగని క్రిములు ఆసుపత్రులలో నెట్లు ప్రాకుచున్నవో వైద్యులవలె మనమును ఎఱుంగవలసియున్నది.

1928 లో ఫ్లెమింగు పెనిసిలినును కనుగొనినది మొదలు యాంటీబయాటిక్కులు లెక్కలేనన్ని ప్రాణములను నిలిపినవి. అట్టి మందును ఎదిరించు నేర్పు క్రిమియొక్క జన్యువులో నుండును. మనుష్యులలో జన్యువులు తల్లిదండ్రులనుండి బిడ్డలకే వచ్చును. క్రిములకట్లుగాదు. ప్లాస్మిడ్ అను చిన్న చక్రమునందు ఆ జన్యువునుంచి, యొక క్రిమి ప్రక్కనున్న క్రిమికి, వేఱు జాతిదానికైనను, ఇచ్చివేయగలదు. శ్రావణమాసమున పేరంటాండ్రు వాయనము లిచ్చుకొనునట్లే!

దీనికి ప్రసిద్ధమైన నిదర్శన మొకటి కలదు. ఢిల్లీలో చికిత్స పొంది స్వీడను దేశమునకు మరలిన యొక రోగి మూత్రమున 2008 లో క్లెబ్సియెల్లా యను క్రిమి కనబడెను. తక్కిన మందులు పనిచేయనపుడు వైద్యులు వాడు కార్బపెనెములను సైతము విఱుగగొట్టు ఎన్.డి.ఎమ్.-1 జన్యువు దానియందుండెను. ఆ రోగి మలములోని ఈ.కోలై క్రిమియందును అదే జన్యువు దొరకెను. జాతులు రెండు, జన్యువొక్కటి. దానికి న్యూఢిల్లీ పేరు పెట్టిరని మనదేశమున పలువురు కినిసిరి. కాని 2011 లో ప్రకటితమైన పరిశోధనలో ఢిల్లీ వీధులయందు నిలిచిన నీటి మచ్చులు 171 పరీక్షింపగా 51 టను, కుళాయినీటి మచ్చులు 50 పరీక్షింపగా రెంటను ఆ జన్యువు కనబడెను. ఇట్టి జన్యువును పి.సి.ఆర్. పరీక్షచే కొన్ని గంటలలోనే గుర్తింపవచ్చును. అది యున్న రోగి జ్వరము లేకయే క్రిమిని మోయుచుండవచ్చును గాన, అట్టివారిని వేఱుగ నుంచుటకు ఈ పరీక్ష మిక్కిలి యుపయోగము.

మన తెలుగునాటి సంగతియు చెప్పవలయును. హైదరాబాదు చెంత పటాన్‌చెరువున మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి విడుచు నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నదని 2007 లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రోగి రక్తములో నుండు పాలుకంటె నది మిక్కిలి యధికము. ఇంత మందు వాగున గలియగా, ఇల్లాలు మిగిల్చిన నాలుగు బిళ్ళలే సర్వానర్థకారణమని నిందించుట న్యాయముగాదు. కుళాయిలో నీరు లేని వార్డున స్త్రీలకు శుభ్రత బోధించుటయు మాకు నచ్చదు.

ఐనను మన చేతిలోనిది మనము విడువరాదు. రోగి మలమూత్రములు తాకినపిదప సబ్బుతో చేతులు కడుగక వేఱొక మంచమును తాకకుడు. పొరుగు రోగిపై జాలిచే సాయపడు చేతులే యీ వాయనమును మోయును. అట్టపై ఎఱ్ఱని నిలువుగీత యున్న మందును వైద్యుని చీటి లేక కొనకుడు. పడిసెమునకు, వైరసు జ్వరములకు యాంటీబయాటిక్కు పనిచేయదు. మూత్రమునో చీమునో పరీక్షకు పంపితిరా యని వైద్యు నడుగుటకు సంకోచింప బనిలేదు. ఫలితమునకు రెండు మూడు దినములు పట్టును. మఱియొక ఆసుపత్రికి పోవలసివచ్చినపుడు ఆ కాగితము వెంట నుండవలెను.