కాకినాడ - కోటిపల్లి రైలుమార్గము: శబ్దము, వేగ పరిమితులు

కాకినాడ - కోటిపల్లి రైలుమార్గము గోదావరి డెల్టాలోని ఒక శాఖా మార్గము. ఇది కాకినాడ టౌన్ స్టేషను నుండి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమీ తీరాన గల కోటిపల్లి వరకు సుమారు 45 కిలోమీటర్లు సాగుతుంది. 1928లో నిర్మించిన ఈ మార్గపు పట్టాలను రెండవ ప్రపంచ యుద్ధ కాలములో, 1940లో, తొలగించి యుద్ధ అవసరాలకు తరలించారు. తిరిగి 2004లో ప్రారంభమైనది. ఈ మధ్యకాలములో కాకినాడ పట్టణము ఎంతో విస్తరించినది. ఇళ్ళ నడుమ సాగే మార్గములో పెద్ద బండికి బదులు ఒకే పెట్టె గల డీజిల్ రైల్ బస్సును నడిపారు.

వేగము, కూత

రైలు శబ్దములో చక్రము పట్టాపై దొర్లే ధ్వని వేగముతో పాటు పెరుగుతుంది. వేగము రెట్టింపైతే అది సుమారు 9 డెసిబెల్స్ హెచ్చుతుంది. కనుక వేగము తగ్గిస్తే శబ్దము తగ్గాలి. అయితే తక్కువ వేగములో వినిపించేది ప్రధానముగా ఇంజను, కూత. ఈ రెండూ వేగ పరిమితికి లొంగవు.

పైగా కూత విషయములో ఫలితము తారుమారవుతుంది. లెవెల్ క్రాసింగుకు సాధారణముగా 600 మీటర్ల ముందు కూత బోర్డు ఉంటుంది. అక్కడి నుండి గేటు దాటేవరకు కూత వేయవలసి వస్తే, గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వెళ్ళే బండికి 36 సెకన్లు చాలు; 20 కిలోమీటర్ల వేగముతో వెళ్ళే బండికి 108 సెకన్లు పడుతుంది. భద్రత కోసము తగ్గించిన వేగమే కూతను మూడు రెట్లు సాగదీస్తుందన్నమాట. కూత మానితే పట్టాలు దాటే మనుషులకు, పశువులకు ప్రమాదము.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారము నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లలో ఇది 50, 40. రాత్రి అనగా 10 గంటల నుండి ఉదయము 6 వరకు. ఇవి కొంత కాలవ్యవధిపై లెక్కించే సగటులు. రోజుకు ఒకటి రెండుసార్లు వచ్చే బండి ఆ సగటును అంతగా మార్చదు, కాని నిద్రపోయేవారిని మాత్రము లేపుతుంది.

గేటు స్థానములో వంతెన వస్తే కూత అవసరము చాలావరకు తీరుతుంది. భూగర్భజలము పైపైనే ఉండే డెల్టాలో పట్టాల క్రింది వంతెనలలో నీరు నిలుస్తుంది. పై వంతెనకు ఇరుకు వీధులలో చోటు దొరకదు.

నరసాపురం పొడిగింపు

కోటిపల్లి నుండి నరసాపురానికి సుమారు 57 కిలోమీటర్ల మార్గము 2000-01లో మంజూరైనది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై వంతెనలు ఇందులో భాగము. ఇది పూర్తయితే కాకినాడ ఇళ్ళ ప్రక్కన ఒంటి పెట్టెకు బదులు పొడవైన ప్రయాణికుల బండ్లు, గూడ్సు బండ్లు కూడా నడవవచ్చు. అప్పుడు గేట్లు మూసి ఉంచే సమయముతో పాటు రాత్రి కూతలూ పెరుగుతాయి.