నగరాచారములు - సార్వజనిక స్నానశాల

‘హమాము’ అను పదము నేటి తెలుగు పాఠకులలో పెక్కుమందికి ఒక సబ్బు పేరుగా మాత్రమే పరిచితము. అరబ్బీ భాషలో ‘హమ్మామ్’ అనగా స్నానశాల. గోలకొండ చెంతనున్న కుతుబ్ షాహీ సమాధుల ఆవరణమునందు అట్టి హమాము నేటికిని నిలిచియున్నది. మరణించిన రాజవంశీయుల శరీరములను సమాధికి ముందు అచ్చట కడిగెడివారు. పదము మన యొద్దకు వచ్చినది గాని, దాని వెనుకనున్న నగరాచారము మన ఊళ్ళలో పాదుకొనలేదు. నదియో, చెఱువో, పెరటిలోని నూతిగట్టో మనకు స్నానస్థలములైనవి.

కొంతకాలము క్రిందట ఒక పరిశోధక విద్యార్థి యాత్రాచరిత్రలపై వ్రాసిన ప్రకరణమొకటి నాకు చూపెను. అందు జపానువారు పదిమంది మునిగిన తొట్టిలోనే తామును మునుగుదురు గనుక వారికి శుచి తెలియదని యుండెను. ఈ మాట నీకెట్లు తెలిసినదని అడుగగా, చూచివచ్చినవారే వ్రాసినారని అతడు బదులు చెప్పెను. చూచివచ్చినవాని వ్రాత ఎంతవరకు ప్రమాణమగును? ఇస్తాంబులు, ఎడో, లివర్‌పూలు నగరముల స్నానశాలలను ఆధారముగా గొని ఈ ప్రశ్నను విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఇస్తాంబులు హమాములలో ముఖ్యనియమము నీరు పారుచుండవలెననుట. వేడి గదిలో గోడవెంబడి పాలరాతి తొట్లు అమర్చియుండును. వానిని ‘కుర్నా’లందురు. అందులో నెవ్వరును దిగరు. గిన్నెతో ముంచి ఒంటిపై పోసికొందురు. నడుమ నున్న వెచ్చని రాతి అరుగుపై పరుండి చెమట పట్టిన పిమ్మట, పరిచారకుడు గరుకు గుడ్డసంచిని చేతికి తొడిగికొని మట్టి తీయును. నలుగు పెట్టుకొని చెంబుతో నీళ్ళు పోసికొను తెలుగువానికి ఇందు తెలియనిదేమియు లేదు. నిలిచిన నీటిలో కూర్చుండుట స్నానము కాదను భావమున మనమును తురుష్కులును ఏకాభిప్రాయులమే.

నేటికిని నడచుచున్న చెంబెర్లితాష్ హమామును 1584లో నూర్బాను సుల్తాను నెలకొల్పెను. దాని శిల్పి సినాను. ఆమె ధర్మార్థము కట్టించిన మసీదు, పాఠశాల మొదలగువాని పోషణకు ఈ స్నానశాల రాబడి వినియోగపడెడిది. అనగా హమాము శుభ్రతకే గాక నగరమునందలి దానధర్మములకును ఆధారముగా నుండెను. అయితే దానికి నీరును కట్టెలును అపారముగా కావలెను. ఆ కారణముచేతనే 1768లో మూడవ ముస్తఫా సుల్తాను క్రొత్తగా పెద్ద హమాములు కట్టరాదని శాసించెను.

స్త్రీలకు హమాము మఱింత ముఖ్యమైనది. పెండ్లికి ముందు వధువు స్నానము, ప్రసవించిన నలువదవనాటి స్నానము అచ్చటనే వేడుకగా జరిగెడివి. కొడుకునకు పిల్లను వెదకు తల్లులు కన్యలను చూచుటయు అచ్చటనే. పరపురుషునకు ఆ గడప దాటుట అసాధ్యము. అయినను ఐరోపా యాత్రికులు అనేకులు స్త్రీల స్నానశాలలను కన్నులార చూచినట్లే వర్ణించిరి.

ఇట్టివారి వ్రాతలను ఆక్షేపించినది లేడీ మేరీ మాంటెగ్యూ. ఆంగ్ల రాయబారి భార్యయైన ఈమె 1717లో ఇస్తాంబులునకు పోవు మార్గమున సోఫియా నగరపు స్నానశాలలో ప్రవేశించెను. స్త్రీలు వారమున కొకమారు వచ్చి నాలుగైదు గంటలు గడపుదురనియు, కాఫీ త్రాగుచు ఊరి వార్తలన్నియు చెప్పుకొందురనియు, అది స్త్రీల పాలిటి కాఫీశాల యనియు ఆమె వ్రాసెను. ఆమె లేఖలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది మఱియొక భాగము. వారు బలవంతపెట్టగా ఆమె పై దుస్తును తెఱచి తన నడుమును బిగించిన కట్టుడు రవికను చూపెను. అది భర్త తాళము వేసిన పెట్టెవంటిదని వారు తలచిరట! చూడవచ్చిన ఆమెయే ఇచ్చట చూడబడినది. మన యాత్రాచరిత్రలలో ఇట్టి ఘట్టములున్నవేమో మొట్టమొదట వెదకుడని నా విద్యార్థులకు చెప్పుచుందును.

ఆమె మరణానంతరము ఆ లేఖలు 1763లో వెలువడెను. తూర్పుదేశముల నెన్నడును చూడని ఫ్రెంచి చిత్రకారుడు ఏంగ్ర్ వానిలోని భాగములను ఎత్తి వ్రాసికొని, 1862లో ‘తురుష్క స్నానము’ అను ప్రసిద్ధ చిత్రమును పూర్తిచేసెను. చిత్రమున దేహములున్నవి, లేఖయందలి సంభాషణ లేదు. నేడు తురుష్క స్నానశాల యనిన లోకమునకు జ్ఞప్తికి వచ్చునది చిత్రమే గాని లేఖ కాదు.

ఇక ఎడో. నేటి టోక్యో నగరమునకు పూర్వనామమిది. అచ్చట 1591లో మొదటి స్నానశాల వెలసినట్లు చెప్పుదురు. ఆ నగరమందలి ఇండ్లు కొయ్యవి, ఇఱుకువి. అగ్నిప్రమాదములు తరచుగా కలిగెడివి. 1657 నాటి అగ్నికి నగరమున అధికభాగము ఆహుతి యయ్యెను. కట్టెలకును నీటికిని కొఱత. కాబట్టి కలవారిలో సైతము పెక్కురు ఇంట నీళ్ళు కాచుకొనక వీధి స్నానశాలకు పోయెడివారు. 19వ శతాబ్ది ఆరంభమున అట్టివి ఎడోలో ఐదువందలకు పైగా నుండెను.

అచ్చటి పద్ధతి తురుష్క పద్ధతికి సరిగా విరుద్ధముగా కన్పట్టును. తొట్టి అందఱిది, నీరు నిలిచినది. కాని తొట్టిలో దిగుటకు ముందే వెలుపల కూర్చుండి శరీరమును చక్కగా కడిగికొనవలెను. తొట్టి మురికి వదలుటకు కాదు, వేడిలో సేదదీరుటకు. కడుగుటయు మునుగుటయు అచ్చట రెండు వేర్వేఱు పనులు, మనకు ఒక్కటే. పైన చెప్పిన విద్యార్థి పొరపాటంతయు ఇందే కలదు.

ఈ స్నానశాలలను గూర్చి షికితేయ్ సాంబా అను రచయిత 1809 మొదలు 1813 వఱకు ‘ఉకియోబురో’ అను గ్రంథమును నాలుగు భాగములుగా ప్రకటించెను. దానిలో చెప్పుకొనదగిన కథ లేదు. స్నానమునకు వచ్చి పోవువారి మాటలే గ్రంథము. వృద్ధులు, పిల్లలు, దాసీలు, పల్లెటూరివారు ఎవరి యాసలో వారు మాటాడుదురు. ఎడో స్త్రీయు పడమటి సీమ స్త్రీయు ఎవరి పలుకుబడి మేలని వాదులాడు ఘట్టమొకటి కలదు. పల్లెవారి ఉచ్చారణను చూపుటకై రచయిత ప్రత్యేకచిహ్నమును సైతము వాడెను. ఆ కాలపు వాడుకభాషను పరిశోధించువారికి ఇంతటి ఆధారము అరుదు. అన్ని తరగతులవారును బట్టలతోపాటు హోదాను గూడ గడపయొద్ద విడిచి ఒక్కచోట చేరునది స్నానశాల కాకున్న ఈ గ్రంథమే పుట్టియుండదు.

1854లో పెరీ నాయకత్వమున అమెరికా నౌకాదళము షిమోదా రేవునకు వచ్చినపుడు, స్త్రీపురుషులు ఒక్కచోట స్నానమాడుట చూచి వారు అసహ్యించుకొనిరి. 1856లో వెలువడిన యాత్రావృత్తాంతమున ఆ స్నానశాల చిత్రమును గూడ చేర్చిరి. కొన్ని ప్రతులలో దానిని తొలగించిరి. 1869లో టోక్యోయందు ప్రభుత్వము ఉమ్మడి స్నానమును నిషేధించెను. 1872లో మరల నిషేధింపవలసివచ్చెను. ఇదంతయు పరదేశీయుల దృష్టికి జంకి చేసినదే యని కొందఱందురు. కాని 1791లోనే, పాశ్చాత్యుల ప్రసక్తి లేకయే, ఎడో ప్రభువులు ఇట్టి నిషేధమును విధించియుండిరి. పరదేశీయుల ఏవగింపు పాత వివాదమునకు క్రొత్త బలమిచ్చినదనుట న్యాయము.

పరుల స్నానమును గూర్చి ఇన్ని తీర్పులు చెప్పిన ఐరోపాలో పేదలకు ఆ కాలమున స్నానమే దుర్లభము. 1832లో లివర్‌పూలున కలరా వ్యాపించినపుడు కిట్టీ విల్కిన్సన్ అను శ్రామికస్త్రీ తన వంటయింటి బానను ఇరుగుపొరుగువారి బట్టలు ఉడుకబెట్టుకొనుటకు ఇచ్చెను. ఈ ప్రయత్నమే పెరిగి, 1842లో ఆ నగరమున స్నానగృహమును, చాకిరేవువంటి ఉతుకుడుశాలయు కలిసియున్న సార్వజనిక భవనము వెలసెను. 1846లో ఇట్టివాని స్థాపనకై శాసనము పుట్టెను. అచ్చట చన్నీళ్ళకు ఒక పెన్నీ, వేడినీళ్ళకు రెండు పెన్నీలు. స్నానము చిన్న చిన్న గదులలో, ఎవరి తొట్టి వారిది. మాటలన్నియు ఉతుకుడుశాలలోనే.

ఇంటింట కొళాయియు, స్నానపుగదియు అమరిన కొలది ఈ శాలలు తగ్గుచు వచ్చినవి. ఇస్తాంబులున మిగిలినవానిలో కొన్ని విదేశయాత్రికులతోనే నడచుచున్నవి. జపానులో 1968 నాటికి సుమారు 18,000 స్నానశాలలుండగా నేడు 2,000 కంటె తక్కువ. అయినను వాని రుసుమును యజమానులు తమ ఇష్టానుసారము పెంచుటకు వీలులేదు. 1946 నాటి ధరల నియంత్రణ శాసనమును బట్టి, ఊరి స్నానశాలలో వసూలు చేయదగు గరిష్ఠ రుసుమును ఏ మండలమున ఆ మండలపు గవర్నరే నేటికిని నిర్ణయించుచున్నాడు.