నడవలేనివారు బరువు తగ్గగలరా?

సంక్రాంతి పండుగ తరువాత ఒక రోజు మన ఓపీలో ఒక పెద్దమ్మ తూకం మీద నిలబడింది. ముల్లు 80 కిలోలు దాటింది. ఆమె నావైపు తిరిగి ఇలా అడిగింది: "సిస్టరమ్మా, మోకాళ్ల నొప్పులని వస్తే బరువు తగ్గమంటారు. బరువు తగ్గాలంటే నడవమంటారు. నడవగలిగితే మీ దగ్గరకు ఎందుకు వస్తాను?" వరుసలో ఉన్నవారందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. ఆమె అడిగినదానిలో న్యాయం ఉంది. అందుకే ఆ రోజు ఆమెకు చెప్పిన సంగతులనే మీ అందరి కోసం ఇక్కడ వ్రాస్తున్నాను.

పని తగ్గింది, అన్నం తగ్గలేదు

ఆ పెద్దమ్మ చాలా ఏళ్లు మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్లింది. పొద్దుటి నుంచి సాయంత్రం వరకు వంగి పని చేసే మనిషికి మూడు పూటలా కడుపునిండా అన్నం కావలసిందే. ఇప్పుడు మోకాళ్లు అరిగి ఇంటి పట్టునే ఉంటోంది. కాని కంచంలో అన్నం మాత్రం అప్పటి అంతే. ఖర్చు కాని ఆహారాన్ని శరీరం కొవ్వుగా దాచుకుంటుంది. ఇది సోమరితనం కాదు. ఎవరూ సిగ్గుపడవలసిన పని లేదు.

ఒక చిన్న లెక్క చూడండి. 80 కిలోల మనిషి అరగంట నెమ్మదిగా నడిస్తే ఖర్చయ్యేవి సుమారు 120 కేలరీలు. రోజుకు నాలుగు టీలు, ఒక్కొక్క టీలో రెండు చెంచాల పంచదార అనుకుందాం. చెంచాకు 20 కేలరీల చొప్పున మొత్తం 160 అవుతాయి. అంటే టీలో పంచదార మానితే, అడుగు కదపకుండానే అరగంట నడకకు మించిన లాభం వచ్చింది!

అమెరికాలో మోకాళ్లు అరిగిన 454 మంది మీద జరిపిన ఒక పరిశోధన 2013లో వెలువడింది. 18 నెలలలో వ్యాయామం మాత్రమే చేసినవారు సుమారు 2 కిలోలు తగ్గారు. ఆహారం మాత్రమే తగ్గించినవారు సుమారు 9 కిలోలు తగ్గారు. రెండూ చేసినవారు 10 కిలోలు దాటారు. బరువు తగ్గడంలో ఎక్కువ భాగం కంచం దగ్గరే జరుగుతుందని దీనివలన తెలుస్తుంది.

కంచం ఎలా ఉండాలి?

కంచంలో సగం కూరగాయలు ఉండాలి: బీర, సొర, పొట్ల, దొండ, వంకాయ, తోటకూర, గోంగూర. బంగాళదుంప, చేమదుంపలను కూరగా లెక్క వేయవద్దు, అవి అన్నంతో సమానం. పావు భాగం అన్నం గాని, జొన్న రొట్టె గాని, రాగి సంగటి గాని. పావు భాగం పప్పు, చేప లేక గుడ్డు.

జొన్న, రాగి అయితే ఎంత తిన్నా ఫరవాలేదని కొందరి నమ్మకం. అది పొరపాటు. పీచు ఎక్కువ కనుక త్వరగా కడుపు నిండుతుంది, అంతే. వాటికీ కొలత ఉండాలి.

ముందు కూర, పప్పు సగం తిని, తరువాత అన్నం కలుపుకోండి. పచ్చడితో మొదలుపెడితే ఆ కారానికి అన్నం ఎక్కువ పోతుంది. పైగా పచ్చడిలో నూనె, ఉప్పు రెండూ ఎక్కువే. చెంచా నూనెలో 45 కేలరీలు ఉంటాయి, అంటే చెంచా పంచదారకు రెండింతలు పైనే. నూనెను సీసా నుంచి వంపకుండా చెంచాతో కొలిచి వేయండి.

సముద్రం మన పక్కనే ఉంది. చేపలను వేపుడు చేయకుండా తక్కువ నూనెతో పులుసు పెట్టుకోండి. ఎండు చేపలలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవారికి మంచిది కాదు. చేప, గుడ్డు, పప్పు తగ్గించవద్దు. అవి తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరిగి మోకాళ్లు ఇంకా బలహీనపడతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం వీటి కొలత డాక్టరు గారిని అడగాలి.

కూర్చునే చేయండి

కుర్చీలో కూర్చుని ఒక కాలు తిన్నగా చాపి, 5 లెక్కపెట్టేవరకు ఉంచి, మెల్లగా దించండి. ఒక్కొక్క కాలికి 10 సార్లు, రోజుకు రెండు పూటలు. దీనివలన తొడ కండ బలపడి మోకాలికి ఆసరా అవుతుంది. నొప్పి ఎక్కువైతే ఆపి, మాకు చూపించండి.

జాగ్రత్తలు

2017, 2018 ప్రాంతంలో అన్నం పూర్తిగా మాని కొవ్వు ఎక్కువగా తీసుకునే వీరమాచినేని రామకృష్ణ గారి పద్ధతి గురించి మన ఊళ్లన్నిటా చెప్పుకున్నారు. ఏ పద్ధతి అయినా సరే, షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరు గారికి చెప్పకుండా మొదలుపెట్టవద్దు. ఆహారం తగ్గించి మందు అలాగే వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, ఆసుపత్రికి రండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. శ్రమ దినాలలో ఉపవాసం ఉండేవారు కూడా ముందుగానే డాక్టరు గారిని అడగాలి.

మోకాళ్ల నొప్పికి పేరు తెలియని మాత్రలు వాడుతున్నారా? వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఆకలి, బరువు, షుగరు మూడూ పెరుగుతాయి. అయితే వాటిని ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే. ఆ మాత్రల అట్ట తెచ్చి చూపించండి. థైరాయిడ్ పరీక్ష కూడా అవసరం కావచ్చు.

తొందరపడవద్దు. వారానికి అర కిలో తగ్గితే చాలు. మోకాళ్లు అరిగినవారిలో తగ్గిన ప్రతి కిలోకు, వేసే ప్రతి అడుగులో మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది.

ఆ పెద్దమ్మ మూడు నెలల తరువాత మళ్లీ వచ్చింది. 4 కిలోలు తగ్గింది. తూకం దిగి, "సిస్టరమ్మా, ఈసారి బస్సు నేనే ఎక్కాను, మనవడు చెయ్యి పట్టలేదు" అన్నది. ఈసారి ఆమె కూడా నవ్వింది.