స్ప్రింగులో దాగిన శక్తి

కారు చక్రము గోతిలో పడినను లోపలివారికి కుదుపు అంతగా తెలియదు. ముందు చక్రము వద్ద నిలువుగా నుండు స్ట్రట్‌లో స్ప్రింగు ఆ కుదుపును మ్రింగును. నడుమనున్న షాక్ అబ్జార్బరులోని నూనె స్ప్రింగు ఊగులాటను అణచును. 1983లో వెలువడిన మారుతి 800లోను ఈ ఏర్పాటే కలదు.

స్ప్రింగు క్రింది పళ్ళెము స్ట్రట్‌కు అతికియుండును. దానిని తొలగించి, మరలు గల గొట్టమును తొడిగి, త్రిప్పుటకు వీలైన పళ్ళెమును అమర్చినచో కారు ఎత్తును మార్చుకొనవచ్చును. ఇదియే కాయిలోవర్. ఇంటివద్దనే ఈ పని చేయదలచువారు ముందుగా ఒక లెక్క వేయవలెను.

స్ట్రట్‌ను ఊడదీసినను అందులో స్ప్రింగు నొక్కబడియే యుండును. మిల్లీమీటరు నొక్కుటకు 20 న్యూటన్ల బలము కావలసిన స్ప్రింగు 100 మిల్లీమీటర్లు నొక్కబడి యున్నదనుకొందము. హుక్ సూత్రము ననుసరించి బలము 2,000 న్యూటన్లు. అందు సగమును 0.1 మీటరుతో గుణించిన, దాగిన శక్తి 100 జౌళ్ళు. కిలో బరువు గల కొబ్బరికాయ 10 మీటర్ల ఎత్తునుండి పడినపుడు కలుగు శక్తియు సుమారు ఇంతే. కాయలు దింపుచుండగా చెట్టు క్రిందికి పోని కోనసీమవాసి, స్ప్రింగును బిగించిపట్టు పనిముట్టు లేకుండ పై నట్టును విప్పుట వింతయే!

పళ్ళెమును దించినచో కారు దిగును. కాని చక్రము పైకి లేచుటకు గల ఎడము తగ్గును. గతుకుల గట్టురోడ్డుపై స్ట్రట్ చివరనున్న రబ్బరుకు దెబ్బ తగులును. చక్రముల వాలు కూడ మారును గనుక దానిని మరల సరిచేయించవలెను; లేనిచో టైర్లు ఒకవైపే అరుగును.