చిటికకు వెలిగే దీపం

చప్పట్లు కొట్టాలంటే రెండు చేతులు కావాలి. ఇది తెలియనివారెవరండీ అని మీరు నవ్వవచ్చు. మా యింట్లో మాత్రం సామాను కొని తెచ్చి గోడకు బిగించిన తరువాతగాని యీ సంగతి ఎవరికీ తోచలేదు.

మా నాయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా పెగలదు. రాత్రివేళ దాహమైనా, దీపం కావలసినా, పక్కగదిలో పడుకున్న అమ్మను లేపే సాధనం లేదు. మిర్యాలగూడలో ఒక దుకాణంలో చప్పట్లకు వెలిగే స్విచ్చు ఒకటి కనబడితే సంబరంగా మాడుగులపల్లికి పట్టుకువచ్చాను. అది కుక్కరు కూతకు వెలిగింది. అద్దంకి రోడ్డుమీద లారీ హారనుకు ఆరింది. ఎవరికోసం తెచ్చామో ఆయనకు తప్ప లోకానికంతా పలికింది!

ఎలక్ట్రానిక్సు డిప్లొమా చదువుతున్న మేనల్లుడు దానిని చూసి, "మామా, తాతకు ఒక్క చెయ్యే ఆడుతది గదా, చప్పట్లెట్ల కొడ్తడు?" అన్నాడు. నేను తెల్లబోయాను. వాడే మళ్ళీ, "చిటికైతే వేస్తడు. మంచంపట్టె మీద కొడ్తడు. ఆ రెంటికీ తేడా తెలిసే యంత్రం చేద్దాం" అన్నాడు.

తేడాలంటే మన భాషకు కొత్తగాదు. చప్పట్లు కొడతాం, చిటిక వేస్తాం, మెటికలు విరుస్తాం, తొడ చరుస్తాం. ఒకదాని క్రియ ఇంకొకదానికి అతకదు. మా నల్లగొండ జిల్లాలో బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళ చప్పట్లు వినే, ఆట ఏ అడుగులో వున్నదో గోడ అవతలనుండి చెప్పేవారున్నారు. భరతుడి నాట్యశాస్త్రమైతే చేతితో శబ్దం చేసే తాళక్రియలను ధ్రువ, శమ్య, తాళ, సన్నిపాతాలని నాలుగుగా విడదీసింది. వాటిలో ధ్రువ చిటికతో వేసేది. సన్నిపాతం రెండు చేతులూ కలిపేది. మేనల్లుడికి ఇదంతా చెప్పబోతే, "అదే మామా, యంత్రానికి గూడ గట్లనే చెప్పాలె" అన్నాడు.

సామానంతా హైదరాబాదు కోఠీలో, గుజరాతీ గల్లీలో దొరికింది. ముఖ్యమైనది అరచేతిలో ఇమిడే ఆర్డ్వినో పలక. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో విద్యార్థుల కోసం పుట్టిన వస్తువిది. దీని తాత్కాలిక జ్ఞాపకశక్తి రెండు కిలోబైట్లే. నా జ్ఞాపకశక్తి అంతకంటె మెరుగని చెప్పుకోను. దానికి జతగా కందిగింజంత మైకు. 1962లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ అనే ఇద్దరు కనిపెట్టిన ఎలక్ట్రెట్ జాతిది.

పని జరిగే తీరు వింతగా వుంటుంది. మైకు పంపే విద్యుత్తును ఆ పలక సెకనుకు తొమ్మిదివేల పైచిలుకు సార్లు కొలిచి, ప్రతిసారీ సున్న నుండి 1023 వరకు ఒక అంకె వేస్తుంది. నిశ్శబ్దంలో ఆ అంకె సుమారు 512 వద్ద నిలుస్తుంది. చప్పుడు కాగానే ఆ గీతకు పైకీ కిందికీ ఊగుతుంది. మొదటి 128 అంకెలలో, అంటే సెకనులో వందో వంతు పైచిలుకు కాలంలో, గీతను ఎన్నిసార్లు దాటిందో లెక్కపెడితే గుట్టు తెలిసిపోతుంది. చిటిక సన్నని కీచు చప్పుడు గనుక అరవై చిల్లర సార్లు దాటింది. కొయ్యమీద దెబ్బ మొద్దు చప్పుడు, పదికి లోపే. ఇక కుక్కరు కూత, హారను చటుక్కున ఆగవు గదా, సాగుతూ వుంటే లెక్కలోకి తీసుకోవద్దని ఆజ్ఞ రాశాడు. చిటికకు దీపం, పట్టెమీద రెండు దెబ్బలకు అమ్మ గదిలో గంట. దీపానికి పోయే 230 వోల్టుల తీగను మాత్రం వాణ్ణి ముట్టనివ్వక ఎలక్ట్రీషియనుచేత కలిపించాను.

మూడు రోజులు చక్కగా నడిచి, నాలుగోనాడు మధ్యాహ్నం భోజనం కాగానే మొండికేసింది. నాయన వేళ్ళు కదుపుతున్నాడు, దీపం వెలగదు. మేనల్లుడు ప్రోగ్రామంతా విప్పి కూర్చున్నాడు. అమ్మ వచ్చి, "పప్పులో నెయ్యి వేసిన, చెయ్యి సరిగ తుడవలేదు" అని తువ్వాలుతో తుడిచింది. వెలిగింది! 2021లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు చిటికను కొలిచి, అది ఏడు మిల్లీసెకన్లలో ముగుస్తుందనీ, వేళ్ళ మధ్య రాపిడి మరీ తగ్గినా, మరీ ఎక్కువైనా వేగం పడిపోతుందనీ తేల్చారు. అమ్మ అది చదవలేదు.

నాయన వెనుక భజనలలో తాళం వేసిన మనిషి. మొన్న రాత్రి రేడియోలో ఏదో కీర్తన వస్తుంటే ఎడమచేత్తో చిటికలు వేస్తూ కూర్చున్నాడు. గది వెలుగుతూ ఆరుతూ వున్నది. "కండ్లు పోతున్నయి!" అని అమ్మ విసుక్కుని యంత్రం తీగ పీకి, పోయి పడుకున్నది. ఆ వెంటనే నాయన మంచంపట్టె మీద రెండు దెబ్బలు వేశాడు. గంట మోగలేదు గాని, అమ్మ లేచి వచ్చి మళ్ళీ తగిలించింది.